టీ వేళ వెలిగిన బల్బు

కాలిన వాసన కొడుతున్న యాంప్లిఫయర్ ప్లగ్గు పీకేసి, చేతిలో తడిగుడ్డతో వంటింటి మధ్యలో నిలబడ్డ లోర్నా పాస్కోను పోయిన వారం మనం అలాగే వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ వారమంతా అక్కడే నిలబడి ఉండలేదు లెండి. మంటా రాలేదు, ఇల్లూ కాలలేదు. కుక్క ఒక్కటే భయపడి పక్కింటికి పారిపోయి, మర్నాడు ఆకలేసి తిరిగొచ్చింది.

కల్లబిన్ ఊరి హాలు కట్టి శనివారానికి వందేళ్లు. ఆ రాత్రి డాన్సుకు, ఒకప్పుడు ఊళ్లో పేరున్న ముగ్గురు ఆడవాళ్ల బ్యాండు మళ్లీ వాయిస్తే బాగుంటుందని కమిటీ ముచ్చటపడింది. డ్రమ్ములావిడా, అకార్డియనావిడా ఎగిరి గంతేశారు. గిటారు వాయించే లోర్నా మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఎవరికీ చెప్పకుండా హాగర్టీ వాళ్ల పొలంలో జరిగిన సామాన్ల వేలానికి వెళ్లి, గొర్రెల మందుల డబ్బాల పక్కన పడి ఉన్న గాజు వాల్వులతో పనిచేసే పాత యాంప్లిఫయర్ ఒకటి పాడుకుని తెచ్చుకుంది. ఉన్నది ఉన్నట్టు పట్టుకుపోవాలి, తరవాత నన్నడగొద్దు అని వేలంవాడు ముందే గొంతు చించుకుని చెప్పాడు. ఇంట్లో పెడితే అది పావుగంట సేపు కమ్మగా పాడింది. ఆ తరవాత గుర్రుమని, హోరెత్తి, కాలిన వాసన కొట్టింది. మూడు రోజులు మూడుసార్లు అదే తంతు.

హాలు కమిటీ అధ్యక్షురాలు గ్లెనిస్ గురువారం మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు ఇచ్చింది. ఆలోపు మాట చెప్పకపోతే రికార్డు పాటలు వేసే మనిషిని పక్క ఊరి నుంచి పిలిపిస్తుంది. ఇవాళ గురువారం.

పొద్దున్న తొమ్మిదింటికి లోర్నా వెనక సామాన్లు వేసుకునే తన యూట్ బండిని మగవాళ్ల షెడ్డు ముందు ఆపింది. రిటైరైన మగవాళ్లు చేరి విరిగిన కుర్చీలూ, మొరాయించే గడ్డికోత యంత్రాలూ బాగుచేసుకునే షెడ్డు అది. వాళ్ల భార్యల లెక్కలో అయితే, మధ్యాహ్నం దాకా మగడు ఇంట్లో కాళ్లకు అడ్డం పడకుండా ఉండే చోటు. ఆడవాళ్లకు మంగళవారం ఒక్కరోజే ప్రవేశం. కానీ లోర్నా ఇరవై ఆరేళ్లు బడి బస్సు నడిపిన మనిషి. అక్కడున్న పదకొండుమందిలో ఏడుగురి పిల్లల్ని ముక్కు తుడిచి మరీ బడిలో దింపింది. ఆవిణ్ణి గుమ్మం దగ్గర ఆపే మొహం ఎవరికీ లేకపోయింది.

యాంప్లిఫయర్ నేరుగా డెస్ బల్ల మీదికెక్కింది. డెస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నలభై ఏళ్లు పనిచేసిన డెబ్బై నాలుగేళ్ల పెద్దమనిషి. మాట నిదానం, నడక నిదానం, చెయ్యి మాత్రం ఇప్పటికీ వణకదు. మర్నాడే పట్నంలో ఆయన కంటికి ఆపరేషను. ఇవాళ పదకొండూ ముప్పావు బస్సుకు వెళ్లాలి. వెళితే రెండు వారాల దాకా టంకం కడ్డీ ముట్టుకోకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. కాబట్టి అయితే ఇవాళ అవ్వాలి, లేకపోతే లేదు.

డెస్ వెనక చెక్క విప్పి లోపలంతా చూశాడు. తరవాత ఫ్యూజు ఉండే గొట్టంలోంచి శ్రావణంతో ఒక ముక్క బయటికి లాగి వెలుతురులో పట్టుకున్నాడు. అది ఫ్యూజు కాదు. పొలం గట్ల మీద కంచెకు వాడే మందపాటి ఇనప తీగ. ఫ్యూజు పొడవుకు సరిగ్గా కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా రాసి మరీ పెట్టారు.

షెడ్డంతా పని ఆపి చూడ్డానికి వచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు సరికదా, ఒకిద్దరు ఆ పనితనం చూసి మెచ్చుకున్నారు. ఆ ఊళ్లో గేటు ఊడినా, ట్రాక్టరు పైపు జారినా, కళ్లజోడు విరిగినా కంచె తీగే వైద్యం. యాంప్లిఫయర్ కూడా అందులో చేరింది, అంతే. డెస్‌కు మాత్రం నవ్వు రాలేదు.

"ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే అది ఏదో చెబుతున్నట్టు, తల్లీ. లోపల ఎక్కడో తప్పుంది చూడండ్రా అని మొత్తుకుంటోంది. వీళ్లు దాని నోరు కట్టేశారు. ఇంకో రెండు రోజులు వాయించి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది, దాంతోపాటు నీ వంటిల్లూ పోయేది."

సరైన ఫ్యూజు వేశాడు. వాల్వులు తీసి తుడిచి పెట్టాడు. యాంప్లిఫయర్‌ని గోడ ప్లగ్గులో నేరుగా పెట్టకుండా, మధ్యలో ఒక పెద్ద బల్బు తగిలించాడు. కోడిపిల్లల పెట్టెలో వెచ్చదనానికి వాడే బల్బు అది. యంత్రం సక్రమంగా ఉన్నంతసేపూ బల్బు మినుకు మినుకుమంటుంది. లోపల ఎక్కడైనా కరెంటు అతిగా పారితే భగ్గున వెలుగుతుంది. యాంప్లిఫయర్ కాలకుండా ఆ దెబ్బ బల్బు కాస్తుంది.

స్విచ్చి వేశాడు. బల్బు ఒక్కసారి వెలిగి, కళ్లు మూతలు పడుతున్నట్టు మందగించింది. లోర్నా గిటారు తగిలించి డెస్ చేతికిచ్చింది. ఆయనకు గిటారు రాదు. కోడి గింజలు ఏరుకున్నట్టు ఒక్కో తీగనూ పొడుస్తూ కూర్చున్నాడు. అయిదు నిమిషాలు, పది, పదిహేను. ఏమీ కాలేదు. బల్బు అలాగే నిద్రమొహంతో ఉంది. బల్బు అడ్డం ఉండడం వల్ల యాంప్లిఫయర్‌కు తిండి తక్కువ అందుతుందనీ, అందుకే వేడెక్కడానికి అరగంట పైనే పట్టొచ్చనీ డెస్ అన్నాడు. వేడెక్కితేగాని జబ్బు బయటపడదు. జబ్బు బయటపడితేగాని మందు వెయ్యలేడు.

లోర్నా గోడ గడియారం వంక చూసింది. పదికి రెండు నిమిషాలు.

పదింటికి స్మోకో. టీ, కేకులు, కబుర్లు. గంట మోగిందంటే షెడ్డులో సుత్తి గాల్లో ఉన్నా అక్కడే ఆగాలి. మెయిన్ స్విచ్చి కట్టెయ్యాలి. అరగంట దాకా ఎవరూ ఏ పనిముట్టూ ముట్టకూడదు. ఈ నియమం పెట్టింది షెడ్డు పెద్ద నెవ్. ఒకప్పుడు ఆయన లామింగ్టన్ కేకు మీద ఒక కన్నూ, రంపం మీద ఒక కన్నూ వేసి పనిచేశాడు. ఆ రోజు నుంచి ఆయనకు తొమ్మిదిన్నర వేళ్లు. అందుకని ఆయనతో ఈ విషయంలో వాదించే ధైర్యం ఎవరికీ లేదు. వాదిస్తే ఆ మిగిలిన సగం వేలు చూపిస్తాడు.

గంట మోగింది. నెవ్ మెయిన్ స్విచ్చి వైపు నడిచాడు. లోర్నా వెళ్లి ఆయనకు అడ్డంగా నిలబడింది.

ఇప్పుడు ఆపితే యాంప్లిఫయర్ చల్లారుతుందనీ, మళ్లీ మొదటికొస్తుందనీ, డెస్ వెళ్లిపోతాడనీ మర్యాదగానే చెప్పింది. నెవ్ విన్నాడు. విని, నియమం నియమమేనన్నాడు. పోయినేడు హాలు పైకప్పు ఎగిరిపోయిన రోజు కూడా స్మోకో ఆపలేదని గుర్తుచేశాడు. అసలు ఇవాళ గురువారమనీ, గురువారం ఆవిడ ఇక్కడుండడమే తను కళ్లు మూసుకోవడం వల్ల జరిగిందనీ కూడా అన్నాడు. లోర్నా కదల్లేదు. నలభై మంది పిల్లలున్న బస్సును బురదలో నడిపిన మనిషికి నెవ్ ఒక లెక్కా. మిగతావాళ్లంతా కప్పులు పట్టుకుని, కేకులు కూడా మరచిపోయి చూస్తున్నారు.

"రంపాలూ, డ్రిల్లులూ కట్టెయ్యి నెవ్, నేనేమన్నా వద్దన్నానా? ఈ ఒక్క ప్లగ్గు వదిలెయ్యి. దీనికి పళ్లు లేవు, వేళ్లు కొరకదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నెవ్ మొహం కందిపోయింది. తరవాత ఆయన కళ్లలో ఒక మెరుపు కనిపించింది. పేకాటలో మంచి ముక్క పడ్డవాడి మెరుపు.

"సరే. డెస్ ఆ తీగలు గోకితే అది పని. స్మోకోలో పని కుదరదు. నువ్వు కూర్చుని వాయిస్తే మటుకు అది పని కాదు, పాట. మా పుస్తకంలో పాటల గురించి ఏమీ రాయలేదు. వాయిస్తానంటే చెప్పు, ప్లగ్గు వదిలేస్తాను."

ఆవిడ జనం ముందు ఎందుకు వాయించదో అక్కడ అందరికీ తెలుసు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట అదే హాల్లో, నాలుగొందల మంది ముందు, వాల్ట్జ్ పాట మధ్యలో లోర్నా అరువు తెచ్చుకున్న యాంప్లిఫయర్ చచ్చి ఊరుకుంది. తీగలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. డాన్సు నడిపించే పెద్దమనిషి మైకు అందుకుని, గిటారుకు నిద్రొచ్చినట్టుంది, అందరూ కలిసి జోల పాడండి అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. కొందరు నిజంగానే జోల పాడారు. లోర్నా వంటింటి తలుపులోంచి బయటపడి, చలిలో మైలున్నర నడిచి ఇంటికెళ్లింది. ఆ తరవాత ఇంట్లో తలుపులు వేసుకుని తప్ప గిటారు ముట్టుకోలేదు. బస్సులో పిల్లలు పాడుతుంటే స్టీరింగు మీద వేళ్లు ఆడించడం, అంతవరకే. ఆవిడకు వాయించడం మరచిపోతానని భయం లేదు. మధ్యలో చప్పుడు ఆగిపోతుందని భయం. జనం మళ్లీ నవ్వుతారని భయం.

ఇక్కడ అడిగింది సరిగ్గా అదే. పాడవుతుందని ఖాయంగా తెలిసిన యాంప్లిఫయర్ మీద, అది పాడయ్యేదాకా, పదకొండు మంది ముందు వాయించాలి.

కాదంటుందని నెవ్ ధీమా. ఆయన చెడ్డవాడు కాదు, కేకు ఎండిపోతోందని ఆయన బాధ. డెస్ మాత్రం గిటారు ఆవిడ వైపు చాచి అలాగే పట్టుకున్నాడు.

లోర్నా గిటారు అందుకుంది. బోర్లించిన పాల క్రేటు మీద కూర్చుంది. మొదటి తీగ తప్పు పలికింది, రెండోదీ తప్పే. కప్పుల వెనక ఎవరూ నవ్వలేదు. ఆవిడ కళ్లు బల్బు మీద పెట్టి, పాత వాల్ట్జ్ ఒకటి ఎత్తుకుంది.

ఆ చెత్త యాంప్లిఫయర్ ఎంత బాగా పాడిందో చెప్పడం కష్టం. వాల్వుల యంత్రాలకు ఒక వెచ్చని గొంతు ఉంటుంది, అది చెవికన్నా ముందు ఛాతీకి తగులుతుంది. రెండో చరణానికి వచ్చేసరికి లోర్నా వేళ్లు వదులయ్యాయి. మూడో చరణంలో ఇద్దరు ముసలాళ్లు మోకాళ్ల మీద తాళం వేశారు. నెవ్ లామింగ్టన్ చేతిలో పట్టుకుని, కొబ్బరి పొడి చొక్కా మీద రాలుతున్నా తుడుచుకోకుండా కూర్చున్నాడు. లోర్నాకు సంతోషం వేసింది. ఏడుపు వచ్చేంత సంతోషం. ఇన్నేళ్లు ఈ గిటారును మంచం కింద పెట్టుకుని ఏం సాధించానని తనని తానే తిట్టుకుంది.

పదీ ఇరవై రెండుకు బల్బు వెలిగింది.

మెల్లగా కాదు, షెడ్డు గోడల మీద నీడలు పడేంత తెల్లగా వెలిగింది. యాంప్లిఫయర్ గొంతు బొంగురుపోయి, గుర్రుమని, హోరులో మునిగిపోయింది. లోర్నా చేతులు తీగల మీదే బిగుసుకుపోయాయి. ఇప్పుడు నవ్వుతారనుకుంది.

పదకొండు మందీ ఒక్కసారి లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. జబ్బు దొరికినందుకు డాక్టరును మెచ్చుకోవడం ఉంటుంది గానీ, యంత్రం చెడిపోయిందని ఇంత పండగ చేసుకున్న జనం ఇంకెక్కడా ఉండరు.

డెస్ అప్పటికే బల్ల దగ్గరున్నాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అది ఆయన నలభై ఏళ్ల అలవాటు. అలాంటి యంత్రంలో రెండు చేతులూ పెట్టినవాడికి కరెంటు గుండె మీదుగా దారి వేసుకుంటుందని ఆయన నమ్మకం, అది నిజం కూడా. లోపల నాలుగు వాల్వుల్లో చివరిది కొలిమిలో ఇనుములా ఎర్రబడింది. ఆయన చెవి మీద పెట్టుకున్న ఐస్‌క్రీం పుల్ల తీశాడు. నెవ్ గడియారం వంక చూశాడు. ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

"పుల్ల పనిముట్టు కాదు నెవ్," అన్నాడు డెస్ తల తిప్పకుండా.

నెవ్ కాసేపు ఆలోచించి, కాదని ఒప్పుకున్నాడు. పైగా తనూ దగ్గరికొచ్చి తొంగిచూశాడు.

డెస్ పుల్ల కొనతో ఆ వాల్వు కూర్చునే పీట కింద ఒక కాడను మెల్లగా నొక్కాడు. బల్బు ఆరిపోయినంత మందగించింది. వదిలాడు, భగ్గుమంది. నొక్కాడు, మందగించింది. స్విచ్చి ఆపేశాక డెస్ భూతద్దం లోర్నా చేతికిచ్చి, ఆ కాడ చుట్టూ చూడమన్నాడు. టంకం చుట్టూ వెంట్రుకకన్నా సన్నని పగులు, ఉంగరంలా. ఆ పొలం నుంచి డాన్సులకు గతుకుల రోడ్ల మీద యూట్ వెనక ఎన్ని వేల మైళ్లు ఊగిందో అది. చల్లగా ఉన్నంతసేపూ పగులు అంటుకునే ఉంటుంది. వేడెక్కితే విచ్చుకుంటుంది. విచ్చుకుంటే ఆ వాల్వుకు కళ్లెం తెగినట్టే, కరెంటు ఇష్టమొచ్చినట్టు తాగి ఎర్రబడుతుంది. పాపం ఫ్యూజు ఇన్నాళ్లూ మొత్తుకున్నది ఈ పిసరంత దాని గురించే.

పదిన్నరకు గంట మోగగానే మిగతా పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కండెన్సర్లలో దాగిన కరెంటును డెస్ ముందు జాగ్రత్తగా దించేశాడు. పాత టంకం పీల్చేసి కొత్తది పోశాడు, మిగతా మూడు పీటలకూ అదే చేశాడు. ఎర్రబడ్డ వాల్వు ఇంకెన్నాళ్లో బతకదని తన డబ్బాలోంచి మరో జత తీసి వేసి, కొలిచి, సరిచేశాడు. బల్బు తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాడు. నెవ్ తనే స్విచ్చి వేశాడు.

లోర్నా నలభై నిమిషాలు వాయించింది. ఎవరూ పని చెయ్యలేదు. స్మోకో అయిపోయాక పని చెయ్యకపోవడం గురించి కూడా పుస్తకంలో ఏమీ లేదని నెవ్ అన్నాడు. పావుగంట దాటింది, అరగంట దాటింది. గుర్రుమనలేదు, వాసన రాలేదు. పదకొండూ నలభైకి లోర్నా షెడ్డు ఫోను తీసి గ్లెనిస్‌కు చేసింది.

"రాసుకో గ్లెనిస్. వాయిస్తున్నాం. రికార్డులాయన్ని రావద్దని చెప్పు. నేల మాత్రం బాగా తుడిపించు, జనం డాన్సు చేస్తారు."

ఫోను పెట్టేసి చూస్తే, డెస్ చొక్కా చేతులు దించుకుని బస్సుకు బయలుదేరబోతూ గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. ఆయనకు ఎదురుగా ఆసుపత్రి పైజమాలో, నాలుగు కాళ్ల నడక కర్ర పట్టుకుని ఒక ముసలాయన నిలబడ్డాడు. చెప్పులు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. రోడ్డుకు అవతల ఉన్న ఆసుపత్రిలో తుంటి ఎముక మార్పించుకుని తొమ్మిది రోజులుగా పడుకున్న వెర్న్ హాగర్టీ. ఎవరి పొలంలో వేలం జరిగిందో ఆ హాగర్టీ. నర్సు చూడకుండా వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

వెర్న్ ఎవరినీ పలకరించలేదు. నేరుగా బల్ల దాకా నడిచి, యాంప్లిఫయర్ మీద చెయ్యి వేశాడు.

"గది కిటికీలోంచి వినపడింది. దీని గొంతు నాకు తెలీదా," అన్నాడు. "ట్రాక్టరు అమ్మమన్నాను మా అబ్బాయిని. గొర్రెలు అమ్మమన్నాను. దీన్ని అమ్మమని ఎవరన్నారు?"

వేలంలో పాడి కొన్నానని లోర్నా చెప్పింది.

"నీ తప్పేం లేదమ్మా. అమ్మే హక్కు వాడికీ లేదు, నాకూ లేదు. ఇది మా ఎయిలీన్‌ది, నా కూతురిది. పద్నాలుగేళ్లయింది నాతో మాట్లాడి. నిన్న రాత్రి ఫోను చేసింది. శనివారం పొద్దున్న బస్సుకు వస్తోందట. నేనెలా ఉన్నానని అడగలేదు, తుంటి ఎలా ఉందని అడగలేదు. నా యాంప్లిఫయర్ ఉందా నాన్నా అని అడిగింది. ఉందన్నాను."

నెవ్ తన సగం వేలి వంక చూసుకున్నాడు. డెస్ ఎక్కాల్సిన బస్సు హారను రోడ్డు చివర మోగింది, ఆయన కదల్లేదు. వెర్న్ రెండు చేతులూ నడక కర్ర మీద నుంచి తీసి, తను ఎత్తలేనని తెలిసి కూడా, యాంప్లిఫయర్ పిడి పట్టుకున్నాడు.

"ఇది ఇచ్చెయ్యమ్మా," అన్నాడు.

లోర్నా ఆయన మొహంలోకి చూసింది. ఆయన అబద్ధం చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది. పడిపోతాడేమోనని పాల క్రేటు ఆయన వెనక్కి జరిపి, భుజం పట్టి కూర్చోబెట్టింది. తరవాత ఇంకా వేడి తగ్గని ఆ యాంప్లిఫయర్‌ని బల్ల మీంచి దించి, శనివారం డాన్సు అయ్యేదాకా కదలనన్నట్టు దాని మీద తను కూర్చుంది.